టర్బో బూస్ట్ కోడ్ వచ్చిందా? పార్టు కొనకముందే వైరింగ్‌లో తప్పు ఇలా పట్టుకోండి

బాగా పోతున్న కారు ఒక్కసారిగా బరువెక్కినట్టు అయిపోతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ ఉండదు, డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పక్కకు ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగానే లాగుతుంది, కానీ ఓ పది నిమిషాలకు మళ్లీ మొదటికే వస్తుంది. స్కానర్ పెడితే వేస్ట్‌గేట్ సోలినాయిడ్ అనో, బూస్ట్ కంట్రోల్ సర్క్యూట్ అనో ఒక కోడ్ చూపిస్తుంది. టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి బూస్ట్, అది హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే తలుపు వేస్ట్‌గేట్, దాన్ని అదుపు చేసే చిన్న కరెంటు వాల్వ్ సోలినాయిడ్. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కోడ్‌లో సోలినాయిడ్ పేరు ఉంది కదా అని సోలినాయిడ్ కొనేస్తారు, అది మార్చినా కోడ్ పోకపోతే టర్బో పోయిందని అనుకుంటారు. ఆ కోడ్ చెప్తున్నది ఫలానా పార్టు పాడైందని కాదు, ఫలానా సర్క్యూట్‌లో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అనుకున్న వోల్టేజీ కనబడలేదని మాత్రమే. ఆ సర్క్యూట్‌లో ఫ్యూజు ఉంది, రిలే ఉంది, రెండు మూడు కనెక్టర్లు ఉన్నాయి, వేడి ఇంజిన్ పక్కనుంచి పోయే వైర్లు ఉన్నాయి, సోలినాయిడ్ కాయిల్ ఉంది, చివర్లో ఈసీయూ ఉంది. వీటిలో ఏది తప్పు చేస్తోందో మీటరుతో తేల్చుకున్నాకే డబ్బు ఖర్చుపెట్టాలి.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. ఒక డిజిటల్ మల్టీమీటర్, లైవ్ డేటా, అంటే సెన్సార్ల అంకెలు అప్పటికప్పుడు చూపించే స్కానర్ (యాక్చుయేటర్ టెస్ట్, అంటే స్కానర్ నుంచే సోలినాయిడ్‌ను నడిపించి చూడటం, చేయగలిగితే ఇంకా మంచిది), హోల్డర్‌తో సహా ఒక 5 వాట్ల బల్బు, ఒక 21 వాట్ల బల్బు, కనెక్టర్ వెనకవైపు నుంచి దూర్చడానికి సన్నని పిన్నులు, మంచి టార్చ్ లైటు. మీ బండి వైరింగ్ డయాగ్రామ్ దొరికితే పని సగానికి సగం తగ్గుతుంది, ఎందుకంటే ఏ పిన్ ఏదో వైరు రంగును బట్టి ఊహించడం ప్రమాదం.

ముందు జాగ్రత్త ఒకటి. ఇంజిన్ ఆపిన వెంటనే టర్బో దగ్గర చెయ్యి పెట్టకండి, ఎగ్జాస్ట్ వైపు భాగం చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పూర్తిగా చల్లారనివ్వండి.

అసలు ఈ సర్క్యూట్ ఎలా పనిచేస్తుంది

ఇది అర్థం చేసుకోకుండా మీటరు పట్టుకుంటే అంకెలు కనిపిస్తాయి గానీ వాటి అర్థం తెలియదు. చాలా కార్లలో బూస్ట్ కంట్రోల్ సోలినాయిడ్‌కు రెండే వైర్లు. ఒకదానికి ఫ్యూజు, రిలే మీదుగా ఇగ్నిషన్ ఆన్ చేయగానే 12 వోల్టులు వస్తాయి. రెండోది నేరుగా ఈసీయూకి పోతుంది. ఈసీయూ ఆ రెండో వైరును లోపల ఎర్త్‌కు కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది, అదీ సెకనుకు ఎన్నోసార్లు. కలిపి ఉంచిన సమయం ఎక్కువైతే సోలినాయిడ్ ఎక్కువ తెరుచుకుంటుంది, తగ్గితే తక్కువ. దీన్నే డ్యూటీ సైకిల్ అంటారు, స్కానర్లో శాతంలో కనిపిస్తుంది. సోలినాయిడ్ చేసేదల్లా సన్నని హోస్ పైపుల్లో గాలిని లేదా వాక్యూమ్‌ను అటూ ఇటూ మళ్లించడం, దాంతో టర్బో పక్కనుండి వేస్ట్‌గేట్‌ను తెరిచి మూసే యాక్చుయేటర్ కదులుతుంది.

ఈసీయూ తన పిన్ దగ్గర వోల్టేజీని ఎప్పుడూ గమనిస్తూ ఉంటుంది. తను ఎర్త్ ఇవ్వనప్పుడు ఆ పిన్ మీద బ్యాటరీ వోల్టేజీ ఉండాలి, ఎందుకంటే అవతలి నుంచి 12 వోల్టులు కాయిల్ గుండా అక్కడికి వచ్చి నిలబడతాయి. అక్కడ వోల్టేజీ లేదంటే ముఖ్యంగా నాలుగు కారణాలు: సప్లై రావడం లేదు, కాయిల్ తెగింది, వైరు తెగింది, లేదా ఆ వైరు బాడీకి ఆని ఎర్త్ అవుతోంది. తను ఎర్త్ ఇచ్చినప్పుడు ఆ పిన్ దాదాపు సున్నాకు దిగాలి. దిగకుండా పైనే ఉంటే కాయిల్ లోపల షార్ట్ అయింది, లేదా ఆ వైరు ఇంకో 12 వోల్టుల వైరును తాకుతోంది. ఈ నాలుగు ముక్కలూ మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి పరీక్ష ఎందుకు చేస్తున్నామో దానంతట అదే అర్థమవుతుంది.

కోడ్‌ను సరిగ్గా చదవండి

పి0243 అంటే వేస్ట్‌గేట్ సోలినాయిడ్ ‘A’ సర్క్యూట్‌లో లోపం. పి0245 అంటే అదే సర్క్యూట్‌లో వోల్టేజీ తక్కువ, పి0246 అంటే ఎక్కువ. పి0045 అయితే బూస్ట్ కంట్రోల్ సర్క్యూట్ తెగి ఉంది, పి0047 తక్కువ, పి0048 ఎక్కువ. ఇవన్నీ కరెంటు వైపు కోడ్‌లు. పి0299 అంటే బూస్ట్ కావలసినంత రాలేదు, పి0234 అంటే హద్దు దాటి వచ్చింది. ఈ రెండూ కరెంటు వల్లా రావచ్చు, పగిలిన హోస్ వల్లా రావచ్చు, పట్టేసిన వేస్ట్‌గేట్ వల్లా రావచ్చు, కాబట్టి ఇవి ఒంటరిగా కనిపిస్తే ముందు హోస్‌లు చూసి తర్వాత వైరింగ్‌కు రండి. బూస్ట్ ప్రెషర్ సెన్సార్ గురించి అయితే పి0236, పి0237, పి0238 వస్తాయి.

కోడ్ చెరిపేయకముందే ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా రాసుకోండి, లేదా ఫోన్లో ఫోటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, స్పీడ్ ఎంత, బ్యాటరీ వోల్టేజీ ఎంత అన్నది అందులో ఉంటుంది. చెరిపితే అదీ పోతుంది. మిగతా కోడ్‌లు కూడా చూడండి. ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే) సోలినాయిడ్‌కూ, పర్జ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌కు పంపే) వాల్వ్‌కూ, వేస్ట్‌గేట్‌కూ ఒకేసారి కోడ్‌లు పడ్డాయంటే మూడూ ఒకే రోజు పాడయ్యే అవకాశం చాలా తక్కువ. వాటికి చాలా బండ్లలో ఒకే ఫ్యూజు నుంచి సప్లై వస్తుంది, నేరుగా అక్కడికి వెళ్లండి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష, ఖర్చు లేనిది. కోడ్ చెరిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి ఒక నిమిషం ఆగి మళ్లీ స్కాన్ చేయండి. కోడ్ వెంటనే తిరిగొస్తే తప్పు ఇప్పుడు, ఈ క్షణం అక్కడే ఉంది, పట్టుకోవడం తేలిక. రాకపోతే స్టార్ట్ చేసి చూడండి, ఆ తర్వాత వేడెక్కాక చూడండి. బండి కదిలి, గుంతల్లో పడి, వేడెక్కితేనే వస్తోందంటే అది వచ్చిపోయే లోపం. దాని సంగతి కింద విడిగా చెప్తాను.

కళ్లతో, చేత్తో

బ్యాటరీతో మొదలుపెట్టండి. ఇంజిన్ ఆగి కొన్ని గంటలైన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.7 మధ్య చూపాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే, ముఖ్యంగా మోటార్ ఉండే యాక్చుయేటర్లలో, లేనిపోని కోడ్‌లు పడతాయి. ఎర్త్ కేబుల్ బాడీకి బిగించిన చోట తుప్పు ఉందేమో కూడా చూడండి.

తర్వాత టార్చ్ వేసుకుని సోలినాయిడ్ నుంచి వెనక్కి వైరు వెంబడే వెళ్లండి. హార్నెస్ (వైర్ల కట్ట) ఎక్కడ బ్రాకెట్ అంచుకు రాసుకుంటోంది, ఎక్కడ క్లిప్ ఊడి టర్బో వైపు వేలాడుతోంది, ఎక్కడ టేపు కాలి గట్టిపడింది, ఎక్కడ ఎలుక కొరికింది. ఇంతకుముందు ఎవరైనా ఇంజిన్ పని చేసి ఉంటే వాళ్ల చెయ్యి పడిన చోటు ముందు చూడండి, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ కింద నలిగిన వైర్లు దొరకడం చాలా మామూలు.

ఇగ్నిషన్ ఆఫ్ చేసి కనెక్టర్ విప్పండి. లాక్‌ను నొక్కి లాగండి, వైర్లు పట్టుకుని లాగవద్దు. లోపల పిన్నులు మెరుస్తూ ఉండాలి. పచ్చగా చిలుము పట్టి ఉంటే నీళ్లు పోయాయని అర్థం. జిడ్డుగా ఆయిల్ ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. ఆ చిన్న రబ్బరు సీల్ ఉందో లేదో చూడండి, అది పోతే చిలుము మళ్లీ వస్తుంది. ఆడ పిన్నులు వదులయ్యాయేమో తెలుసుకోవడానికి సరిగ్గా అదే సైజు మగ పిన్ ఒకటి తీసుకుని దూర్చి లాగండి. కాస్త పట్టు తెలియాలి. వెన్నలో కత్తిలా జారిపోతే ఆ పిన్ పట్టు పోయింది, పైకి ఎంత శుభ్రంగా కనిపించినా సరే. మీటరు మొనను లావుగా ఉన్నదాన్ని అందులోకి గుచ్చకండి, మనమే పిన్నును పాడు చేసినవాళ్లం అవుతాం.

హోస్‌లు కూడా ఈ పనిలోనే ఒకసారి తడిమి చూసుకోండి, ఊడినవి, పగిలినవి. ఇంటర్‌కూలర్ గొట్టాల క్లాంపులు బిగుతుగా ఉన్నాయా చూడండి. అంతకంటే ఇక్కడ ఆగక్కర్లేదు.

కాయిల్ కొలత

కనెక్టర్ విప్పి ఉండగానే సోలినాయిడ్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. చాలా సోలినాయిడ్‌లు చల్లగా ఉన్నప్పుడు 20 నుంచి 40 ఓమ్స్ మధ్య ఉంటాయి, కొన్ని అంతకన్నా తక్కువ. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకే చివరి మాట. మీటరు ఓఎల్ (OL, అంటే కొలవలేనంత నిరోధం, దారి లేదు) చూపిస్తే కాయిల్ తెగిపోయింది. ఒకటి రెండు ఓమ్స్ చూపిస్తే లోపల షార్ట్. తర్వాత ఒక్కో పిన్నుకూ, సోలినాయిడ్ లోహపు ఒంటికీ మధ్య చూడండి, అక్కడ ఓఎల్ మాత్రమే రావాలి.

వేడిగా ఉన్నప్పుడు కొలిస్తే అంకె పెరుగుతుంది, కంగారు పడకండి. రాగి వేడెక్కేకొద్దీ దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 30 ఓమ్స్ ఉన్న కాయిల్ 100 డిగ్రీల దగ్గర 39 దాకా వెళ్తుంది, అది లోపం కాదు. కానీ వేడెక్కగానే ఉన్నట్టుండి ఓఎల్‌కు పోయి, చల్లారగానే మళ్లీ 30కి వస్తే మాత్రం లోపల తీగ తెగి వేడికి విడిపోతోంది. వేడిగా ఉన్నప్పుడే కోడ్ వచ్చే బండ్లలో ఈ పరీక్ష తప్పకుండా చేయండి, సోలినాయిడ్ విప్పి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ మీటరు చూస్తే చాలు.

సప్లై వస్తోందా

ఇగ్నిషన్ ఆన్ చేసి, విప్పిన కనెక్టర్‌లో హార్నెస్ వైపు రెండు పిన్నులనూ ఒక్కొక్కటిగా బ్యాటరీ నెగటివ్‌తో పోల్చి చూడండి. ఒకదాంట్లో బ్యాటరీ వోల్టేజీ రావాలి. కొన్ని బండ్లలో ఇంజిన్ తిరుగుతుంటేనే రిలే పడుతుంది, అలాంటప్పుడు స్టార్ట్ చేసి చూడాలి. రెండో పిన్ మీద సున్నా గానీ, రెండు మూడు వోల్టులు గానీ కనిపించవచ్చు. సర్క్యూట్ తెగిందా లేదా చూసుకోవడానికి కొన్ని ఈసీయూలు తామే చిన్న వోల్టేజీ పంపుతాయి, అది లోపం కాదు.

మీటరులో 12 కనిపించిందని ఇక్కడితో వదిలేయవద్దు. మీటరు దాదాపు కరెంటే తీసుకోదు, కాబట్టి ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా మీటరుకు నిండుగా 12 చూపిస్తుంది. ఆ సప్లై పిన్నుకూ, బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 5 వాట్ల బల్బు పెట్టండి. 12 వోల్టుల దగ్గర అది దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది, 30 ఓమ్స్ సోలినాయిడ్ లాగేదీ అంతే. బల్బు నిండుగా వెలగాలి, వెలుగుతున్నప్పుడు దాని రెండు కొసల మధ్య వోల్టేజీ బ్యాటరీ కంటే అర వోల్టుకు మించి తగ్గకూడదు. మసకగా వెలిగితే ఫ్యూజు హోల్డర్, రిలే, మధ్య కనెక్టర్ వరసగా వెనక్కి చూసుకుంటూ వెళ్లండి. ఫ్యూజును కంటితో చూసి బాగుందనుకోవద్దు, బయటకు తీసి దాని కాళ్లు, అది కూర్చునే చోటు చూడండి.

ఈ బల్బును ఈసీయూ వైపు పిన్నుకు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. చల్లగా ఉన్న బల్బు ఫిలమెంట్ వెలిగే మొదటి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఈసీయూ లోపలి డ్రైవర్ (ఆ పిన్నుకు ఎర్త్ ఇచ్చే స్విచ్) దెబ్బతినవచ్చు. ఆ పిన్నుకు నేరుగా 12 వోల్టులు ఇవ్వడం కూడా అంతే ప్రమాదం.

కంట్రోల్ వైరు: ఎక్కువ తప్పులు ఇక్కడే

నా కారుకు పి0245 వచ్చినప్పుడు నేను చేసిన పని చెప్తాను. సోలినాయిడ్ కొలిస్తే 29 ఓమ్స్, సప్లై 12.4. కంట్రోల్ వైరుకు ఇటు కొస, అటు కొస మీటరు పెడితే బీప్ అంది. వైరు బాగుందని నమ్మి, ఎందుకైనా మంచిదని సోలినాయిడ్ కొత్తది వేశాను. రెండో రోజు సాయంత్రానికి కోడ్ మళ్లీ వచ్చింది. అప్పుడు వైరును రెండు వైపులా విడదీసి 21 వాట్ల బల్బు పెట్టాను, ఎర్రగా నిప్పుకణికలా మిణుకుమంది తప్ప వెలగలేదు. కనెక్టర్ నుంచి అంగుళం దూరంలో, హార్నెస్ ఒక అంచు మీదుగా వంగే చోట, ఆ వైరును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగితే పై తొడుగు రబ్బరులా సాగింది. లోపల రాగి ఉన్న వైరు అలా సాగదు. తొడుగు చీల్చి చూస్తే పోగులన్నీ నల్లబడి విరిగిపోయి, ఒకే ఒక్క పోగు అటూ ఇటూ పట్టుకుని ఉంది. తొడుగు మీద చిన్న గీత కూడా లేదు. పైనుంచి చూసి ఎవరూ కనిపెట్టలేరు.

మీటరు బీప్‌ను నమ్మితే జరిగేది ఇదే. చాలా మీటర్లు 30, 40 ఓమ్స్ ఉన్నా బీప్ అంటాయి. 30 ఓమ్స్ కాయిల్‌కు అందాల్సింది 0.4 ఆంపియర్లు. వైరులో ఇంకో 20 ఓమ్స్ చేరితే మొత్తం 50 అయి, కరెంటు 0.24కు పడిపోతుంది, 12 వోల్టుల్లో కాయిల్ మీద మిగిలేది 7.2 మాత్రమే. మీటరు మాత్రం బీప్ అంటూనే ఉంటుంది.

కాబట్టి ఇలా చేయండి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఈసీయూ కనెక్టర్ విప్పండి. సోలినాయిడ్ కనెక్టర్ కూడా విప్పి ఉండాలి. ఇప్పుడు ఆ వైరు దేనికీ అంటకుండా ఒంటరిగా ఉంది. డయాగ్రామ్ చూసి ఈసీయూ వైపు ఆ పిన్ ఏదో రెండుసార్లు సరిచూసుకోండి. ముందు ఆ వైరుకూ, బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి, ఓఎల్ రావాలి. ఏ కొంచెం నిరోధం చూపినా ఎక్కడో ఎర్త్ అవుతోంది. బ్యాటరీ మళ్లీ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి వోల్టేజీ చూడండి, సున్నా ఉండాలి, వోల్టులు కనిపిస్తే ఇంకో వైరుకు తగులుతోంది. ఈ రెండూ బాగుంటేనే మళ్లీ ఆఫ్ చేసి, బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు ఉన్న జంపర్ వైరుతో ఒక కొసకు కరెంటు ఇచ్చి, రెండో కొస నుంచి 21 వాట్ల బల్బు మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు కలపండి. ఈ బల్బు 1.75 ఆంపియర్ల దాకా లాగుతుంది, మంచి వైరుకు అదేమీ బరువు కాదు, పాడైన వైరు మాత్రం వెంటనే బయటపడుతుంది. బల్బు వెలుగుతుండగా హార్నెస్‌ను మొదటి నుంచి చివరిదాకా కొద్దికొద్దిగా వంచుతూ, మెలిపెడుతూ వెళ్లండి. బల్బు ఎక్కడ మినుకుమంటే అక్కడే ఉంది మీ తప్పు.

కనెక్టర్లన్నీ తిరిగి పెట్టాక కంట్రోల్ వైరును వెనకవైపు నుంచి పిన్‌తో అందుకుని వోల్టేజీ చూస్తే ఈసీయూ పని కూడా తెలుస్తుంది. డ్యూటీ సున్నా అయితే బ్యాటరీ వోల్టేజీ, 50 శాతం అయితే మీటరుకు సగటున అందులో సగం, అంటే 6 వోల్టుల చుట్టుపక్కల. స్కానర్‌తో యాక్చుయేటర్ టెస్ట్ నడిపిస్తే సోలినాయిడ్ టకటకమంటుంది, వేలు పెడితే అదురు తెలుస్తుంది. మీటరులో డ్యూటీ శాతం చూసే సౌకర్యం ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఈసీయూ ఎర్త్ వైపు నుంచి నడుపుతుంది కాబట్టి స్కానర్లో 30 ఉన్నప్పుడు మీటరు 70 చూపించవచ్చు. రెండూ ఒకటే మాట.

వచ్చిపోయే లోపం

ఇది ఓపిక పని. ఇంజిన్ నడుస్తుండగా, ఫ్యాన్, బెల్టులకు దూరంగా, ఒకరు స్కానర్ చూస్తుంటే ఇంకొకరు హార్నెస్‌ను కదపాలి. టర్బోకు దగ్గరగా పోయే భాగాన్ని ఇంజిన్ ఆపి చల్లారాకే ముట్టుకోండి, దాన్ని ఇగ్నిషన్ ఆన్‌లో కదిపి చూడవచ్చు. ఇంజిన్ గేరు పడ్డప్పుడల్లా కాస్త ఊగుతుంది, ఇంజిన్ నుంచి బాడీకి దాటే చోట హార్నెస్ బిగుసుకుని ఉంటే వైర్లు అక్కడే తెగుతాయి. వానలోనో, కారు కడిగాకో మాత్రమే కోడ్ వస్తుంటే కనెక్టర్ల మీద స్ప్రే బాటిల్‌తో కొద్దిగా నీళ్లు చిలకరించి చూడండి. ప్రెషర్ వాషర్ కొట్టకండి, లేని తప్పు తెచ్చిపెడుతుంది.

బూస్ట్ ప్రెషర్ సెన్సార్

సోలినాయిడ్ సర్క్యూట్ అంతా బాగుందా? అయితే ఈసీయూకు బూస్ట్ ఎంతుందో చెప్పే సెన్సార్‌ను అనుమానించాలి. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో లైవ్ డేటా చూడండి. ఇంజిన్ తిరగనప్పుడు లోపల ఉండేది బయటి గాలి ఒత్తిడే, సముద్ర మట్టం దగ్గర సుమారు 101 కిలోపాస్కల్, 500 మీటర్ల ఎత్తులో 95, 1000 మీటర్ల ఎత్తులో 90 ఉండాలి. సెన్సార్ 130 చూపిస్తే లేని బూస్ట్ ఉందని ఈసీయూ నమ్ముతుంది, 70 చూపిస్తే ఉన్న బూస్ట్ చాలదనుకుంటుంది. బారోమెట్రిక్ ప్రెషర్ అంకెతో పోల్చి సరిపోయిందని తృప్తి పడకండి. విడిగా బారోమీటర్ సెన్సార్ లేని బండ్లలో ఇగ్నిషన్ ఆన్ అవగానే ఇదే సెన్సార్ చూపిన అంకెను ఈసీయూ బారోమెట్రిక్‌గా రాసుకుంటుంది. అప్పుడు రెండూ ఒకేలా తప్పుగా ఉంటాయి. మీరున్న ఎత్తుతో పోల్చుకోవడమే సరైన పద్ధతి.

సెన్సార్‌కు వచ్చే 5 వోల్టులు తక్కువగా ఉంటే వైరు తెగిందని వెంటనే అనుకోవద్దు. చాలా బండ్లలో అదే 5 వోల్టుల లైను ఇంకా రెండు మూడు సెన్సార్లకు పోతుంది, వాటిలో ఏదో ఒకటి షార్ట్ అయినా అన్నిటికీ వోల్టేజీ పడిపోతుంది. ఒక్కో సెన్సార్ కనెక్టర్ విప్పుతూ మీటరు చూడండి. ఏది విప్పగానే 5 వోల్టులు తిరిగి లేచిందో దోషి అదే.

మోటార్ ఉన్న యాక్చుయేటర్ అయితే

ఈమధ్య కార్లలో, వేరియబుల్ జామెట్రీ టర్బోలు (లోపలి రెక్కలు, అంటే వేన్లు, కోణం మార్చుకునేవి) ఉన్న డీజిల్ బండ్లలో యాక్చుయేటర్ మీదే చిన్న మోటార్, పొజిషన్ సెన్సార్ ఉంటాయి. వీటికి ఎక్కువగా ఐదు వైర్లు: మోటార్‌కు రెండు, సెన్సార్‌కు 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. యాక్చుయేటర్ టెస్ట్‌లో దాని చేయి (బయటి లివర్) ఈ కొస నుంచి ఆ కొసకు కదులుతుంటే సిగ్నల్ వోల్టేజీ కూడా మెట్లు లేకుండా సాఫీగా పెరగాలి, సాధారణంగా 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారి పడిపోయి లేస్తే సెన్సార్ ట్రాక్ అరిగింది.

ఇక్కడ ఒక మోసం ఉంది. టర్బోలో కార్బన్ పేరుకుని లోపలి వేన్లు పట్టేస్తే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఈసీయూ దాన్ని కరెంటు లోపంగా రాస్తుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, యాక్చుయేటర్ లింక్ విడదీసి, టర్బో వైపు లివర్ చేత్తో కదులుతోందా చూడండి. అది బిగుసుకుని ఉంటే వైరింగ్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకదు. యాక్చుయేటర్ చేయిని మాత్రం బలవంతంగా తిప్పకండి, లోపల గేర్లు విరుగుతాయి. కొత్తది వేస్తే స్కానర్‌తో క్యాలిబ్రేషన్ చేయాలి, చేయకపోతే కొత్త పార్టు మీదే మళ్లీ కోడ్ పడుతుంది.

ఈసీయూ చివరిది

సప్లై బల్బుతో బాగుంది, కాయిల్ బాగుంది, కంట్రోల్ వైరు 21 వాట్ల బల్బును మోసింది, ఈసీయూ సొంత సప్లై, ఎర్త్ పిన్నులు కూడా సరిగ్గా ఉన్నాయి, అయినా టెస్ట్‌లో కంట్రోల్ పిన్ కదలడం లేదు. అప్పుడే ఈసీయూ డ్రైవర్ పోయిందనాలి. అది ఊరికే పోయేది తక్కువ, షార్ట్ అయిన కాయిల్ కాల్చేయడం ఎక్కువ, కాబట్టి ఈసీయూ రిపేరుకు ఇచ్చే ముందు ఆ పాత సోలినాయిడ్ సంగతి తేల్చండి. లేకపోతే బాగు చేసి తెచ్చింది కూడా అలాగే పోతుంది.

బాగు చేయడం, సరిచూడటం

తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం ఇంజిన్ దగ్గర నిలవదు. నల్లబడిన రాగినంతా కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లి, అంతే మందం ఉన్న కొత్త వైరు ముక్క వేసి, సరైన క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం వేయండి. రెండు మూడు వైర్లు అతుకుతుంటే అతుకులన్నీ ఒకే చోట కాకుండా ముందూ వెనకా పెట్టండి. తెగిన కారణాన్ని కూడా తీసేయాలి: అంచుకు రాసుకుంటుంటే గొట్టం తొడగండి, లాగి పట్టినట్టు ఉంటే కాస్త వదులివ్వండి, టర్బోకు దగ్గరైతే వేడిని ఆపే స్లీవ్ వేసి క్లిప్‌తో దూరంగా కట్టండి.

కోడ్ చెరిపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఒక నిమిషం, తర్వాత యాక్చుయేటర్ టెస్ట్, ఆ తర్వాత రోడ్డు. నిలబెట్టి రేజ్ చేస్తే బూస్ట్ పెద్దగా లేవదు, ఇంజిన్ మీద బరువు పడాలి, కాబట్టి షెడ్డులో చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద ఒకరు నడుపుతుంటే పక్కన కూర్చున్నవారు స్కానర్ చూడాలి, నడిపేవారి కళ్లు రోడ్డు మీదే ఉండాలి. మూడో గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచి నిండుగా తొక్కుతూ కావలసిన బూస్ట్, వచ్చిన బూస్ట్, డ్యూటీ శాతం మూడూ రికార్డు చేయండి. మొదట వచ్చిన బూస్ట్ కాస్త వెనకబడి, ఆ తర్వాత కావలసిన దాన్ని అందుకుని దానితోపాటే నడవాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక మరోసారి ఇదే చేయండి. ఓ వారం తిరిగాక పెండింగ్ కోడ్‌లు ఒకసారి చూసి, మీరు అతికిన చోట చెయ్యి పెట్టి క్లిప్ ఊడలేదని, స్లీవ్ జారలేదని చూసుకోండి.